అరకిలో గసగసాలు

గసగసాలు కొన్నది నేనే. వన్ టౌన్‌లో మా అత్తయ్యగారు ఏళ్ళ తరబడి సరుకులు తెచ్చుకునే కొట్టు ఒకటుంది. ఏప్రిల్ చివర్లో ఒక శనివారం, స్కూలు అవగానే పటమట నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాను. అరకిలో అనేసరికి కొట్టాయన నవ్వాడు.

"ఇన్నెందుకండీ, ఇంట్లో పెళ్ళా?"

"కాదండీ, మా ఆయన దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ దొరకవట."

ఆయన ఇంకేమీ అనకుండా తూచి, కవర్‌లో పోసి, మూతి కట్టి ఇచ్చాడు. అక్కడ ఎందుకు దొరకవని ఆయన అడగలేదు. నాకూ అడగాలనిపించలేదు.

మా ఆయన గల్ఫ్‌లో ఒక దేశంలో ఆరేళ్ళుగా పని చేస్తున్నారు. ఏసీ మెకానిక్‌గా వెళ్ళి, ఇప్పుడు పదిమంది మీద సూపర్‌వైజర్ అయ్యారు. ఏడాదికో నెల వచ్చి వెళ్ళడమే తప్ప నేను అక్కడికి వెళ్ళింది లేదు. ఆ ఏడాది కంపెనీ వాళ్ళు ఒక గదీ వంటిల్లూ ఉన్న ఫ్లాట్ ఇచ్చారు. విజిట్ వీసా తీశారు. వేసవి సెలవులు కాబట్టి నలభై రోజులు ఉండి రావచ్చని బయల్దేరాను. ఒకసారి ఫోన్‌లో వాళ్ళమ్మతో, "ఇక్కడ కోడికూరలో గసగసాలు వెయ్యరమ్మా, అసలు దొరకవు, ఆ రుచే రాదు" అన్నారు. ఆ మాట మా అత్తయ్యగారి మనసులో ఉండిపోయింది. మసాలా పొడి, అప్పడాలు, మినప వడియాలతో పాటు గసగసాలూ పెట్టాల్సిందే అన్నారు.

ప్రయాణానికి వారం ముందు మా ఆయన ఒక లిస్టు పంపారు. ఆ దేశంలోకి ఏవి తీసుకురాకూడదో ఎవరో టైపు చేసింది, ఇంగ్లీషులో, ఫోన్‌లో కిందికి జరుపుతూ పోతే ఎంతకీ అయిపోదు. భవానీపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని, అత్తయ్యగారు వడియాలు ఏరి డబ్బాలో పోస్తుంటే నేను ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. నిద్రమాత్రలు, కొన్ని దగ్గు మందులు, నొప్పి బిళ్ళలు డాక్టరు కాగితం లేకుండా కూడదు. తమలపాకులు, వక్కపొడి కూడదు. విత్తనాలు, మొక్కలు కూడదు. ఒక చోట పాపీ సీడ్స్ అని ఉంది.

నేను ఇంగ్లీషు టీచర్ని. పన్నెండేళ్ళుగా ఆరు నుంచి పది దాకా తరగతులకి ఇంగ్లీషు చెబుతున్నాను. పాపీ అంటే ఎర్ర పువ్వని నాకు తెలుసు. దాని గింజలే మన గసగసాలని ఆ క్షణంలో నాకు తెలుసా? ఇది నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను. అత్తయ్యగారు తలెత్తి "తర్వాతేంటి?" అని అడగడం గుర్తుంది. "ఏవో గింజలంట" అని నేను చెప్పడం గుర్తుంది. ఆ రెండు మాటల మధ్య నేను కాసేపు ఆగానా, ఆగలేదా అన్నది ఎంత తరచి చూసుకున్నా తేలడం లేదు. కొన్ని రోజులు ఆగానని అనిపిస్తుంది. ఆగి, కూరలో వేసే గింజలకి ఏమవుతుందిలే అనుకున్నానని కూడా అనిపిస్తుంది.

విమానం హైదరాబాదు నుంచి, సాయంత్రం నాలుగింటికి. పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కాను. నా వెనకే ఒకావిడ ఎక్కింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బలంగా, నల్లగా, కొత్త చెప్పులేసుకుని ఉంది. చెప్పులు కరుస్తున్నట్టున్నాయి, కుంటుతోంది. నైలాన్ తాడుతో కట్టిన సంచిని బస్సు కింద పెట్టించి, కాగితాలున్న ప్లాస్టిక్ ఫోల్డర్‌ని గుండెకి ఆనించుకుని నా పక్క సీటు దగ్గర నిలబడింది.

"ఈ బస్సు ఇమానం దగ్గరే ఆగిద్దాండీ?"

"అక్కడే ఆగుతుంది. కూర్చోండి."

ఆమె వెళ్తున్నదీ ఆ దేశానికే, ఆ విమానంలోనే. ఒక ముసలావిడని చూసుకునే పని. తమది కోడూరవతల అని చెప్పింది. చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులైపోయాక నాట్ల పని లేకుండా పోయిందట. భర్త చెరువులకి మేత తోలే ఆటో నడుపుతాడట. ఇద్దరు ఆడపిల్లల్ని తల్లి దగ్గర పెట్టి వస్తోంది. నేనేం చేస్తానని అడిగింది. టీచర్ని అన్నాను. అప్పట్నుంచీ టీచరుగారూ అనే పిలిచింది. ఆమె పేరు నేనడగలేదు.

సూర్యాపేట దగ్గర బస్సు ఆపినప్పుడు నేను పులిహోర పెట్టాను. ఆమె ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్లం విప్పింది. ఇద్దరం కలిసి తిన్నాం. తింటూ, తన ఏజెంటు నేర్పించిన జాగ్రత్తలు బడిపిల్లలాగా అప్పజెప్పింది.

"పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇయ్యకూడదు, ఆఫీసర్లకి తప్ప. అడిగినదానికే జవాబు. నవ్వకూడదు. ఎవరేమిచ్చినా తీసుకోకూడదు. ఏడ్చినా సరే, కాళ్ళట్టుకున్నా సరే, సూది కూడా అట్టుకోవద్దన్నాడండీ. మూడుసార్లు చెప్పిచ్చాడు నాతో."

"మంచి మాటే చెప్పాడు" అన్నాను.

ఆ తర్వాత సంచిలో ఉన్న చిన్న బైబిలు, కొత్త నిబంధన పుస్తకం గురించి భయంగా అడిగింది. "మా ఏజెంటు దాని గురించేం చెప్పలేదండీ. లాగేసుకుంటారంటారా?"

"సొంతానికి ఒకటుంటే ఏమీ అనరు, ధైర్యంగా ఉండండి" అన్నాను. నాకు ఆ సంగతి ఏమీ తెలియదు. క్లాసులో తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ఏ గొంతుతో జవాబు చెబుతానో ఆ గొంతుతోనే చెప్పాను. ఆమె మొహం తేలికపడింది.

ఎయిర్‌పోర్టులో సామాను కౌంటరు దగ్గర నా పెట్టె రెండున్నర కిలోలు ఎక్కువ తూగింది. కొంత తీసేయమన్నారు, లేదంటే విడిగా డబ్బు కట్టమన్నారు. వెనక పెద్ద క్యూ ఉంది. నేను పక్కకి జరిగి, నేల మీదే పెట్టె తెరిచి, ఏది తియ్యాలో తోచక చీరలూ డబ్బాలూ అటూ ఇటూ కదుపుతున్నాను. ఆమె వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"నా సంచిలో పెట్టండి టీచరుగారూ. నాది పదిహేను కిలోలు కూడా రాదు."

"మీ ఏజెంటు ఏమన్నాడు?"

"ఎవరో ముక్కూమొహం తెలీనోళ్ళ గురించి చెప్పాడు. మీరు టీచరుగారు కదండీ."

అత్తయ్యగారు కట్టిన పెద్ద కవరు, అంటే మసాలా పొడి, గసగసాలు, అప్పడాలు ఉన్నది, తీసి ఆమెకిచ్చాను. ఆమె తాడు విప్పి, నా కవరు నలగకుండా తన చీరల మధ్యలో పెట్టి, మళ్ళీ కట్టింది. ముడి వేసేటప్పుడు నేను వేలు పెట్టి పట్టుకున్నాను.

విమానంలో మా సీట్లు దూరం. దిగాక పాస్‌పోర్టు తనిఖీ దగ్గర నన్ను ఒక వరసలోకి, ఆమెను ఇంకో వరసలోకి పంపారు. వేలిముద్రలు, కళ్ళ ఫోటో అయ్యాక సామాన్లు వచ్చే బెల్టు దగ్గర మళ్ళీ కలిసింది. పెద్ద గండం గడిచినట్టు నవ్వింది.

"వచ్చేశామండీ! మీ కవరు ఇప్పుడే ఇచ్చెయ్యనా?"

"ఇక్కడెందుకు సంచి విప్పడం? బయట మా ఆయన ఉంటారు. అక్కడ తీసుకుంటాను."

అది మామూలు మాటే. ఎవరైనా అనే మాటే. కానీ తర్వాత ఆ మాటని నేను వదల్లేకపోయాను. అక్కడే తీసుకుని ఉంటే ఆ కవరు నా చేతిలో ఉండేది. నేనెందుకు వద్దన్నాను?

బయటికి వెళ్ళే దారిలో సామాను మళ్ళీ మెషీన్‌లోంచి పంపాలి. నాకూ ఆమెకీ మధ్య ముగ్గురు నలుగురు ఉన్నారు. నా పెట్టె వెళ్ళింది, వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. ట్రాలీ మీద పెట్టుకుని ముందుకు నడిచి, ఆమె కోసం ఆగి వెనక్కి చూశాను. ఆమె సంచిని పక్క బల్ల మీద పెట్టారు. తలకి నల్ల గుడ్డ చుట్టుకున్న ఒక ఆఫీసరమ్మ తాడు కోసి, చీరలు పక్కకి తీసి, నా కవరు బయటికి తీసింది. అప్పడాలు పక్కన పెట్టింది. మసాలా పొడి వాసన చూసింది. గసగసాల కవరు చింపి, కొన్ని గ్లవుజు వేసుకున్న అరచేతిలో పోసుకుని, వేలితో కదిపి, ఎవరినో పిలిచింది. ఇద్దరు మగాళ్ళు వచ్చారు. వాళ్ళ మాటల్లో ఖష్‌ఖాష్ అన్న మాట వినబడింది. మా స్కూల్లో ఉర్దూ మాట్లాడే ఒక టీచరు గసగసాల్ని అలాగే అంటుంది. ఆ క్షణంలో మాత్రం నాకు తెలిసింది. అందులో సందేహం లేదు.

ఒకతను హిందీలో గట్టిగా అడిగాడు, ఇవి ఎవరివని. ఆమెకి హిందీ రాదు. బిత్తరపోయి అటూ ఇటూ చూసింది. నన్ను చూసింది. చెయ్యి పైకెత్తింది.

నేను పదిహేను అడుగుల దూరంలో ఉన్నాను. నా వెనక అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ట్రాలీలతో జనం తోసుకొస్తున్నారు. నేను వెనక్కి తిరిగి బయటికి నడిచాను.

మా ఆయన రెయిలింగ్ అవతల చెయ్యి ఊపుతున్నారు. కారెక్కాక జరిగింది చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గసగసాలా? అవి ఇక్కడ మత్తుమందు కింద లెక్క. నేను పంపిన లిస్టు చదవలేదా?"

"చదివాను."

"మరి?"

"వెనక్కి వెళ్దామండీ" అన్నాను.

"వెళ్తే ఏమవుతుందో తెలుసా? నిన్నూ కూర్చోబెడతారు. నా ఉద్యోగం పోతుంది. ఇద్దరం లోపలుంటే ఎవరు విడిపిస్తారు? కవరు మీద నీ పేరేమైనా ఉందా?"

"లేదు."

"అయితే ఊరుకో. పల్లెటూరి మనిషి, తెలియక తెచ్చుకుందని రెండు మాటలడిగి వదిలేస్తారు."

ఆయన్ని తప్పు పట్టాలని ఇది రాయడం లేదు. వెళ్దామని నేను అన్న మాట నిజమే, కానీ ఆయన వద్దన్నప్పుడు నా ఒళ్ళంతా తేలికైన సంగతి కూడా నిజం.

ఆ ఫ్లాట్‌లో కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో బిల్డింగు గోడ. మా ఆయన పొద్దున వెళ్తే సాయంత్రం దాకా ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ చప్పుడులో నాకు "టీచరుగారూ" అని వినబడేది. ముందు రెండు మూడు సార్లు నిజంగానే తలుపు తీసి చూశాను. కారిడార్ ఖాళీగా ఉండేది. సూపర్ మార్కెట్‌కి వెళ్తే దినుసుల వరస దగ్గర కాళ్ళు ఆగిపోయేవి. ధనియాలు, జీలకర్ర, సోంపు, నువ్వులు, అన్నీ ఉన్నాయి. ఆ ఒక్కటి లేదు. తలకి నల్ల గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళెవరు ఎదురైనా చేతుల వంక చూసేదాన్ని, గ్లవుజులున్నాయేమోనని.

ఆమె ఎత్తిన చెయ్యి మాత్రం మనసులోంచి పోలేదు. దాన్ని నాకు కావలసినట్టు మార్చుకున్నాను. మీరు వెళ్ళండి, నేను చూసుకుంటాను అని చెబుతున్నట్టు ఊహించుకున్నాను. రోజులు గడిచేకొద్దీ అదే జరిగిందని నమ్మడం మొదలుపెట్టాను. బస్సులో అంత ఆప్యాయంగా మాట్లాడిన మనిషి, నన్ను కాపాడాలనే అలా చెయ్యి ఊపి ఉంటుందనుకున్నాను.

రెండో వారంలో, నా పోరు పడలేక మా ఆయన అక్కడ మన కార్మికులకి సాయం చేసే ఒక తెలుగాయనకి ఫోన్ కలిపి ఇచ్చారు. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు.

"ఆవిడ పేరేంటమ్మా?"

"తెలియదండీ."

"పాస్‌పోర్టు నంబరు? పోనీ ఏ ఇంట్లో పనికి వచ్చిందో?"

"తెలియదండీ. కోడూరవతల అని చెప్పింది."

"కోడూరవతల సముద్రమేనమ్మా" అన్నారాయన. ఆయనదీ అటువైపేనట, అందుకే తెలుసట. పేరు లేకుండా ఏ ఆఫీసులోనూ అడగలేమన్నారు. ఏడు గంటలు పక్కన కూర్చుని, ఆమె చేతి వేరుశనక్కాయలు తిని, నేను పేరడగలేదు. ఆ ఫోల్డర్‌ అట్ట మీదే పేరుండి ఉంటుంది. నా మోచేతికి తగులుతూనే ఉంది.

నలభై రోజులుంటానని వెళ్ళినదాన్ని ఇరవై రోజులకే టిక్కెట్ మార్పించుకుని వచ్చేశాను.

హైదరాబాదులో దిగి సామాను తీసుకున్నాక అక్కడ రెండు దారులుంటాయి. చెప్పాల్సిన వస్తువులేమీ లేనివాళ్ళు పచ్చ బోర్డు వైపు, ఉన్నవాళ్ళు ఎర్ర బోర్డు వైపు. నా దగ్గర చెప్పాల్సినవేమీ లేవు. మెళ్ళో ఉన్న గొలుసు వెళ్ళేటప్పుడు ఉన్నదే. అయినా నా కాళ్ళు ఎర్ర బోర్డు వైపు వెళ్ళాయి. బల్ల వెనక రిటైరవబోయే వయసున్న ఆఫీసరు ఒకాయన ఉన్నారు.

"బంగారమామ్మా?"

"లేదండీ."

"మరి? ఏం తెచ్చారు?"

"తేలేదండీ. పోయేటప్పుడు తీసుకెళ్ళాను. గసగసాలు. అక్కడ కూడదట. నా కవరు ఇంకొకావిడ సంచిలో ఉంటే ఆవిణ్ణి పట్టుకున్నారు. నేను వచ్చేశాను."

ఆయన పెన్ను కింద పెట్టారు. నన్ను పక్కనున్న కుర్చీలో కూర్చోమని, మంచినీళ్ళ సీసా ఇచ్చారు. అంతా విన్నారు. విన్నాక నెమ్మదిగా అన్నారు.

"ఇది మేం రాసుకునేది కాదమ్మా. మీరు అక్కడ చెప్పాల్సింది. ఆ బల్ల దగ్గర."

"ఇప్పుడెక్కడ చెప్పాలండీ?"

నా వెనక ఇంకొకరు వచ్చి నిలబడితే, ఆయన వాళ్ళ పెట్టె తెరవమన్నారు.

ఇంటికి రాగానే అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏడ్చారు. "పెట్టమన్నది నేను కదే. నేనొచ్చి చెబుతాను, పద" అన్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ వీధి చివరకే వెళ్ళలేరు. వెతకడం నా పని అయింది.

జూన్‌లో స్కూలు తెరిచారు. ఆదివారాలు పొద్దున్నే బస్సెక్కి అవనిగడ్డ, అక్కణ్ణుంచి ఆటోలో కోడూరు వెళ్ళేదాన్ని. ఆమె దగ్గర కొత్త నిబంధన పుస్తకం ఉంది కాబట్టి చర్చిల దగ్గర అడగడం మేలనుకున్నాను. ఆరాధన అయి జనం బయటికొచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేదాన్ని. గల్ఫ్‌కి వెళ్ళినావిడ, ఇద్దరాడపిల్లలు, భర్త మేత ఆటో నడుపుతాడు అని గుర్తులు చెబితే, అలాంటివాళ్ళు ఊరికి నలుగురున్నారన్నారు. ఒక చోట నన్ను అప్పు వసూలుకి వచ్చినదాన్ననుకుని మాట్లాడకుండా తప్పుకున్నారు. జులై అంతా అలా గడిచింది. కాలవలకి నీళ్ళొచ్చాయి. రొయ్యల చెరువుల్లో గాలి ఎక్కించే పంకాలు నీళ్ళని చిలుకుతూ ఉండేవి, మైళ్ళ కొద్దీ అదే చప్పుడు.

ఆగస్టులో ఒక ఆదివారం, ఆటో కోసం నిలబడి ఉంటే ఎండుచేపలమ్మే ఆవిడ ఎవరికోసమని అడిగింది. చెప్పాను. ఆవిడ గొంతు తగ్గించింది.

"మత్తుమందు కేసావిడా?"

అవునని తలూపాను.

"జైల్లో ఉండొచ్చిందంటగా. రొయ్యల షెడ్డులో చేస్తోంది. ఆదివారం కూడా పనుందియ్యాళ. కనిపిచ్చే ఆ రేకుల షెడ్డే."

షెడ్డులో యాభై మంది ఆడవాళ్ళు బల్లల వారగా నిలబడి రొయ్యల తలలు తుంచుతున్నారు. నీలం ప్లాస్టిక్ ఆప్రాన్లు, గ్లవుజులు, కాళ్ళ కింద ఐసు నీళ్ళు. అందరూ ఒకేలా ఉన్నారు. ఆమే నన్ను ముందు చూసింది. చేతిలో రొయ్యని తొట్లో వేసి, మేస్త్రీతో ఏదో చెప్పి, బయటికొచ్చింది. చాలా చిక్కిపోయింది. గ్లవుజులు తీస్తే వేళ్ళు తెల్లగా నానిపోయి ఉన్నాయి.

"ఎట్టా కనుక్కున్నారు?" అంది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు.

మూడు నెలలుగా ఏం చెప్పాలో మనసులో వల్లించుకున్నాను. చివరికి "క్షమించండి" అన్నాను. ఆమె షెడ్డు గోడ నీడలోకి జరిగి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఆమే చెప్పింది. ముందు ఒక గదిలో, తర్వాత ఆడవాళ్ళ జైల్లో ఉంచారట. గింజలు పరీక్షకి పంపారట. మొత్తం నెలా పదిరోజులు. మాట అర్థమయ్యే మనిషిని మూడో వారంలో తెచ్చారట. చివరికి జడ్జి వదిలేశాడు కానీ, పనికి పిలిచినవాళ్ళు వీసా రద్దు చేసుకున్నారు. మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టకూడదని ముద్ర వేసి పంపించేశారు.

"మీరు నన్ను చూసి చెయ్యెత్తారు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. "నన్ను వెళ్ళిపొమ్మన్నారనుకున్నాను."

ఆమె నా మొహంలోకి చూసింది.

"ఎల్లిపొమ్మనడమేంటండీ? మిమ్మల్నే చూపిచ్చాను. ఆమే, ఆమే, ఆ టీచరుగారివే అని అరిచాను. మీరు తిరిగి ఎల్లిపోయారు. ఆ గదిలో కూడా రోజూ అదే చెప్పా. ఏ టీచరని అడిగారు. పేరు తెలీదన్నా. నవ్వారు."

నేను మూడు నెలలుగా ఆనుకుని నిలబడ్డది ఆ చెయ్యే. అదీ పోయింది.

"మీకు తెలుసాండీ, అయి కూడదని?"

"కాగితంలో చదివాను" అన్నాను. "అవి ఇవేనని తట్టిందో లేదో నాకే తెలియడం లేదు. దేవుడి మీద ఒట్టు, తెలియడం లేదు."

లోపల్నుంచి మేస్త్రీ కేకేశాడు. ఆమె లేచి, "ఒక్క గంటలో షిఫ్టయిపోయిద్ది. ఉండండి. మా ఇంటికొచ్చి ఈ మాట మావోళ్ళకి చెప్పాలి. నేను చెబితే నమ్మట్లేదు" అంది.

ఇల్లు కాలవ గట్టు మీద, పై కప్పు రేకులు. ఆమె భర్త, అత్త, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు, చర్చి సంఘ పెద్ద ఒకాయన వచ్చి వాకిట్లో కూర్చున్నారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. వన్ టౌన్ కొట్టు దగ్గర్నుంచి అద్దాల తలుపుల దాకా జరిగింది జరిగినట్టు చెప్పాను. క్లాసులో నలభై మంది ముందు రోజూ మాట్లాడేదాన్ని, అక్కడ రెండుసార్లు ఆగి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె గుమ్మానికి ఆనుకుని, నా వంక కాకుండా వాళ్ళ మొహాల వంక చూస్తూ నిలబడింది.

పక్కింటావిడ అడిగింది. "మరి ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా మీరు?"

వెతికానని చెప్పొచ్చు. చెప్పలేదు. వెతకడం ఆ ఇరవై రోజుల తర్వాత. ఆ పదిహేనడుగులు అంతకు ముందు.

అత్తగారు నోట్లో కొంగు పెట్టుకుని ఏడుపందుకుంది. "దాన్ని ఎన్ని మాటలన్నానో" అంది. భర్త లేచి పెరట్లోకి వెళ్ళి, మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చాడు. కూతురి నోటుపుస్తకం నా ముందు పెట్టాడు.

"ఇది కాయితమ్మీద రాసిస్తారా? సంతకం చేసి."

తెలుగులో రాశాను. ఆ కవరు నాది, అందులో ఉన్నది నాది, ఆమెకి ఏ పాపమూ తెలియదు అని. కింద నా పూర్తి పేరు, స్కూలు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు. సంఘ పెద్ద దాన్ని పైకి చదివారు. అప్పుడే, ఆ కాగితంలో రాయడానికి, ఆమె పేరు అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ రాయను.

బస్సు దాకా ఆమె రాలేదు. గుమ్మం దగ్గరే "ఎల్లి రండి" అంది.

ఆ కాగితం నకలు తీసి, ఆ నిషేధం ఎత్తేయిస్తారేమోనని ఆమె ఏజెంటుకీ, గల్ఫ్‌లో ఆ తెలుగాయనకీ పంపాను. ఎత్తేయరని ఇద్దరూ చెప్పారు. కేసు కొట్టేసినా ముద్ర ముద్రేనట. మా ఆయన మాత్రం ఆ కాగితం గురించి విని రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. నేను మళ్ళీ ఆ దేశం వెళ్ళలేదు. వీసా తీస్తానని ఆయన అనలేదు, తియ్యమని నేను అడగలేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతుంటే కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆమె.

"నిన్న చర్చిలో ఆడోళ్ళ కూటానికి పిలిచారండీ. ఎల్లాను. పక్కనే కూర్చున్నారు, ముందట్లాగా దూరం జరగలేదు."

"మంచిదండీ" అన్నాను.

"అది చెబుదామనే" అని పెట్టేసింది.

గంట తర్వాత నేనే ఆ నంబరుకి చేశాను. పెద్ద కూతురు ఎత్తింది. అమ్మ షెడ్డుకెళ్ళిందండీ, సాయంత్రమొచ్చిద్ది అంది. సాయంత్రం చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మర్నాడు చేశాను. క్రిస్మస్ రోజు కూడా చేశాను. తర్వాత మానేశాను. ఆమెకి మాట్లాడాలనిపిస్తే నా నంబరు ఆ నోటుపుస్తకంలో ఉంది.